కోటా వద్దన్న కోటలో: బ్రాండైస్ నేపథ్యం

బోస్టన్‌కు పడమరన వాల్తమ్‌లో ఉన్న బ్రాండైస్‌ను ‘యూదుల యూనివర్సిటీ’ అనేస్తుంటారు. అది సగమే నిజం. డబ్బూ పూచీ యూదు సమాజానివి, సీట్లు అందరివీ. మన రాజ్యాంగం 30వ అధికరణ కింద నడిచే మైనారిటీ కాలేజీల్లోలా సొంతవాళ్లకు సీట్లు పక్కన పెట్టడం అక్కడ మొదటినుంచీ లేదు.

కారణం 1920లలో ఉంది. యూదు విద్యార్థులను 15 శాతం దగ్గర ఆపాలని 1922లో హార్వర్డ్ అధ్యక్షుడు లోవెల్ ప్రతిపాదించాడు. అది నెగ్గలేదు గానీ దొడ్డిదారి దొరికింది. దరఖాస్తుకు ఫొటో అంటించమన్నారు, పుట్టాక మీ పేరు గానీ తండ్రి పేరు గానీ మార్చుకున్నారా అని అడిగారు. ఇంటిపేరు మార్చుకున్న యూదు అక్కడ దొరికిపోతాడు.

వాల్తమ్‌లోని మిడిల్‌సెక్స్ వైద్య కళాశాల అలాంటి కోటా పెట్టలేదు. పాతకాలపు కోటలాంటి భవనం ఉందిగానీ అమెరికన్ మెడికల్ అసోసియేషన్ గుర్తింపు లేదు. గుర్తింపు లేని పట్టాతో లైసెన్సు కష్టం, లైసెన్సు రాని చోట ఎవరు చేరతారు? స్థాపకుడు జాన్ హాల్ స్మిత్ 1944లో పోయాడు. 1946లో ఆయన కొడుకు ఆ ప్రాంగణాన్నీ చార్టర్‌నూ యూదుల పూచీతో యూనివర్సిటీ పెట్టాలని చూస్తున్న న్యూయార్క్ రబ్బీ (యూదు మతగురువు) ఇజ్రాయెల్ గోల్డ్‌స్టీన్ బృందానికి అప్పగించాడు. భవనాలకన్నా చార్టరే విలువైంది: డిగ్రీలిచ్చే హక్కు చేతికొచ్చినట్టే.

చందాల కోసం ఐన్‌స్టీన్ పేరిట ఫౌండేషన్ పెట్టారు. యూనివర్సిటీకి తన పేరు మాత్రం ఆయన ఒప్పుకోలేదు. తగాదాలొచ్చి గోల్డ్‌స్టీన్ ఆ ఏడాదే తప్పుకున్నాడు, 1947లో ఐన్‌స్టీనూ అంతే. 1953లో గౌరవ పట్టా ఇస్తామన్నా వద్దన్నాడు. చివరికి అమెరికా సుప్రీంకోర్టు తొలి యూదు న్యాయమూర్తి లూయీ బ్రాండైస్ పేరు నిలిచింది.

1948లో 107 మంది విద్యార్థులతో తరగతులు మొదలయ్యాయి. పూర్వ విద్యార్థులే లేని చోట విరాళాలెవరిస్తారు? తొలి అధ్యక్షుడు ఏబ్రమ్ సాకర్ దాతలనే పెంపుడు పూర్వ విద్యార్థులుగా చేసుకున్నాడు. మహిళా కమిటీ పాత పుస్తకాలు అమ్మి మరీ గ్రంథాలయాన్ని నింపింది.

1955లో మూడు ప్రార్థన మందిరాలు కట్టారు: యూదులకు, క్యాథలిక్కులకు, ప్రొటెస్టెంట్లకు ఒక్కొక్కటి. ఒకదాని నీడ ఇంకోదానిమీద పడకుండా కుంట చుట్టూ అమర్చారు. మాటల్లో చెప్పే సర్వమత సమానత్వాన్ని ఇలా కొలతల్లో చూపడం అరుదు.

1985లో అగ్రశ్రేణి పరిశోధన విశ్వవిద్యాలయాల సంఘంలో చోటు దక్కింది. నిల్వ నిధి మాత్రం పాత సంస్థలంత లోతైనది కాదు. 2008 మాంద్యంలో అది తరిగింది, ముఖ్య దాతలు కొందరు బెర్నీ మేడాఫ్ అనే న్యూయార్క్ పెట్టుబడుల వ్యాపారి మోసంలో చిక్కారు. 2009 జనవరిలో ప్రాంగణంలోని రోజ్ ఆర్ట్ మ్యూజియం మూసి అందులోని కళాఖండాలు అమ్మాలని ధర్మకర్తలు తీర్మానించారు. గొడవ కోర్టుకెక్కింది. 2011లో రాజీ కుదిరి మ్యూజియం మిగిలింది.