దుంగల లారీకి కట్టు: అపోహలు, వాస్తవాలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి జాతీయ రహదారి 16 మీదుగా చెన్నై వచ్చే సరుగుడు, జామాయిల్ లారీల లోడు చూసుకోవడం నా పని. రెడ్ హిల్స్ దగ్గర మన డ్రైవర్ల నోట తరచూ వినే కొన్ని మాటలు ప్రాణాల మీదికి తెచ్చేవి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "ఇంత బరువు ఎక్కడికి కదులుతుందన్నా?"

వాస్తవం: బ్రేకు వేస్తే ఆగేది బండి. దుంగ ఆగదు. బరువు ఎంత ఎక్కువైతే తోపు అంత ఎక్కువ. లోడు బరువులో 80 శాతం బలం ముందుకు, 50 శాతం పక్కలకు తోస్తుందన్న లెక్కతోనే యూరప్‌లో కట్టు ప్రమాణాలు పెట్టారు. అప్పుడే బెరడు ఒలిచిన జామాయిల్‌ను చేత్తో తడిమి చూడండి, తడి సబ్బులా జారిపోతుంది. అందుకే క్యాబిన్ వెనక గట్టి అడ్డు ఉండాలి, దుంగల మొదళ్లు దానికి ఆనాలి.

అపోహ: తాడు గట్టిగా బిగిస్తే పక్క గుంజలు అక్కర్లేదు.

వాస్తవం: తాడు కిందికి అదుముతుంది. పక్కకు దొర్లకుండా ఆపేది గుంజే. అమెరికాలో దుంగల లారీలకు విడిగా నియమాలున్నాయి. గుంజల మధ్య పేర్చిన లోడులో అన్నిటికన్నా పైనున్న అంచు దుంగ నడిమి భాగం గుంజ కొనకు కిందే ఉండాలన్నది వాటిలో ఒకటి. ఇక్కడ ఎవరూ అడగకపోయినా నేను ఇదే కొలత పాటిస్తాను. తాడు వాలు కూడా చూడాలి. నిట్టనిలువుగా దిగిన తాడు ఇచ్చే అదుములో, నేలకు 30 డిగ్రీల వాలులో పోయే తాడుకు సగమే మిగులుతుంది.

అపోహ: వెనక ఎర్ర గుడ్డ కడితే దుంగలు బయటికి ఉన్నా ఫరవాలేదు.

వాస్తవం: ఫరవా ఉంది. లోడు బండి దాటి పొడుచుకు వస్తే మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద 20,000 రూపాయల జరిమానా. అధిక బరువుకూ అంతే, పైగా అదనపు టన్నుకు 2,000 చొప్పున. రాత్రిపూట వెనక వచ్చే బైకు మనిషికి ఆ గుడ్డ కనబడదు, దుంగ కొన ముఖానికి తగిలాకే తెలుస్తుంది.

అపోహ: లోడింగ్ దగ్గర కట్టిన కట్టు చెన్నై దాకా ఆగుతుంది.

వాస్తవం: కుదుపులకు దుంగలు సర్దుకుంటాయి, తాడు వదులవుతుంది. కావలిలో బయల్దేరితే నెల్లూరు చేరేలోపే ఒకసారి ఆపి బిగించండి. తరువాత టీ కోసం ఆగిన ప్రతిచోటా తాడు లాగి చూడండి.

అపోహ: డిపో చేరితే గండం గడిచినట్టే.

వాస్తవం: నాకు అన్నిటికన్నా భయం ఇక్కడే. దారిలో పక్కకు ఒరిగిన దుంగలు తాడు మీదే ఆనుకుని ఉంటాయి. ముడి విప్పిన క్షణాన అవి విప్పిన మనిషి మీదికే దొర్లుతాయి. ముందు బండిని చదును నేల మీద నిలపండి. చుట్టూ నడిచి లోడు ఎటు వాలిందో చూడండి. వాలిన వైపు హమాలీలను, క్లీనర్‌ను ఎవరినీ ఉండనివ్వకండి. తాళ్లన్నీ ఒకేసారి వదలకండి. లోడు వాలిన దానికి ఎదుటి వైపు నిలబడి ఒక్కొక్కటే వదులు చేయండి. ఏ దుంగ అయినా కదిలితే అక్కడే ఆపి, క్రేన్‌తో దాన్ని పట్టించాకే మిగతా ముడులు విప్పండి.