ప్రకటించని ఆట కోసం పడిగాపులు

"మూడోది ఎప్పుడొస్తాది మావయ్యా?" అని మా మేనల్లుడు వారానికోసారైనా అడుగుతాడు. వాడు అడిగేది రెడ్ డెడ్ రిడెంప్షన్ అనే కౌబాయ్ వీడియో గేమ్ మూడో భాగం గురించి. అలాంటి ఆట తీస్తున్నామని రాక్‌స్టార్ కంపెనీ అధికారికంగా ఇంతవరకూ ప్రకటించలేదు. అయినా ఒడిశాలోని పర్లాకిమిడిలో వాడూ, సరిహద్దుకి అవతల ఆంధ్రాలోని పాతపట్నంలో వాడి స్నేహితులూ ఎవరో అతికించి చేసిన దొంగ ట్రైలర్‌ని "కన్ఫర్మ్" అని రాసి ఒకరికొకరు పంపుకుంటుంటారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

నవ్వడం తేలికే గానీ, ఈ పిల్లలకి ఎదురుచూడటం నేర్పింది ఆ కంపెనీయే.

అసలు ఈ వరసలో మొదటి ఆట రాక్‌స్టార్‌ది కాదు. జపాన్‌కి చెందిన క్యాప్‌కామ్ కోసం అమెరికాలోని ఏంజెల్ స్టూడియోస్ అనే చిన్న సంస్థ మొదలుపెట్టింది. 2002లో ఆ స్టూడియో రాక్‌స్టార్ చేతికి వచ్చింది. మరుసటి ఏడాది క్యాప్‌కామ్ మనకొద్దని తప్పుకుంటే, సగంలో ఆగిన ఆటను రాక్‌స్టార్ తీసుకుని పూర్తిచేసి 2004లో రెడ్ డెడ్ రివాల్వర్ పేరుతో వదిలింది. ఫరవాలేదనిపించుకుంది, అంతే.

ఆరేళ్ల తర్వాత, 2010 మేలో వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్ వేరే సంగతి. 1911 నాటి కథ. ఒకప్పుడు దొంగల ముఠాలో తిరిగి, మానేసి పొలం చేసుకుంటున్న జాన్ మార్స్టన్ భార్యాబిడ్డల్ని ప్రభుత్వ మనుషులు పట్టుకుపోయి, నీ పాత స్నేహితుల్ని నువ్వే వేటాడి ఇవ్వు అంటారు. 1971లో కృష్ణ కౌబాయ్ టోపీ పెట్టుకున్నప్పటి నుంచీ మనవాళ్లకి గుర్రం, తుపాకీ, ఎర్రమట్టి కొత్త కాదు. కానీ చివరికి హీరోని పశువుల కొట్టం గుమ్మంలో నిలబెట్టి కాల్చేసే కథ మాత్రం కొత్తే. చిక్కల్లా ఒకటే, అది టీవీకి తగిలించి ఆడే కన్సోళ్లకి మాత్రమే వచ్చింది. నేనెరిగిన ఇళ్లలో కన్సోల్ అనేదే లేదు. నెట్ సెంటర్లో యూట్యూబ్ పెట్టుకుని, గంటకింత అని డబ్బులిచ్చి, ఎవరో ఆడుతుంటే చూశాం. ఆ ఆట కంప్యూటర్‌కి రావడానికి పద్నాలుగేళ్లు పట్టింది. 2024 అక్టోబర్‌లో వచ్చింది.

రెండో భాగాన్ని ప్రకటించిన పద్ధతి ఈ రోగాన్ని ముదరబెట్టింది. 2016 అక్టోబర్‌లో ఒక రోజు రాక్‌స్టార్ తన లోగోని ఎర్ర రంగులో పెట్టి ఊరుకుంది. మర్నాడు ఏడుగురు మనుషుల నీడలు పెట్టింది. ఆ మర్నాడు గానీ పేరు చెప్పలేదు. ఆట 2017లో వస్తుందన్నారు. తర్వాత 2018 మొదట్లో అన్నారు. చివరికి 2018 అక్టోబర్ 26న వచ్చింది. అప్పటి నుంచి ఆ కంపెనీ ఎక్కడ ఎరుపు వాడినా మావాడికి టెన్షనే.

ఆ ఆట కథ వెనక్కి వెళ్లి 1899లో మొదలవుతుంది. డచ్ అనే నాయకుడు, అతని కుడిభుజం ఆర్థర్ మోర్గన్, కుర్రవాడిగా జాన్. గుర్రాల మీద తిరిగే ముఠాలకి రోజులు దగ్గరపడ్డాయి. పట్టాలు వస్తున్నాయి. దోపిడీకి గురైన రైళ్ల యజమాని డబ్బు పోసి డిటెక్టివ్‌లని వెంటపెడతాడు. సరిగ్గా ఆ ఏడాదే మా ఊరికీ పట్టాలు వేస్తున్నారు. పర్లాకిమిడి రాజావారు నౌపడ నుంచి వేయించిన రెండున్నర అడుగుల గేజి చిన్న రైలు 1900లో నడిచింది. దాన్ని 2004లో ఆపేసి, పెద్ద లైను వేసి, 2010లో మళ్లీ రైలు తెచ్చారు. రివాల్వర్ 2004, రిడెంప్షన్ 2010. కాకతాళీయమేనని తెలుసు, అయినా చెప్పకుండా ఉండలేను. ఆరేళ్లు బస్సులో వేలాడిన ఊరు మాది, ఎదురుచూపు మాకు కొత్త కాదు.

2018 ఆట మొదటి మూడు రోజుల్లోనే 72.5 కోట్ల డాలర్లు తెచ్చింది. ఇప్పటికి 7 కోట్లకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. చలిలో గుర్రం వృషణాలు ముడుచుకుపోవడం దాకా ఆలోచించి చేసిన ఆట అది. దాని ఖరీదు మనుషులే కట్టారు. వారానికి 100 గంటలు పనిచేశామని ఆట విడుదలకి ముందు రచయితల్లో ఒకరైన డాన్ హౌసర్ అంటే పెద్ద గొడవైంది. అది పెద్ద రచయితలు నలుగురం మూడు వారాలు చేసిన పని మాత్రమేనని తర్వాత సర్దిచెప్పుకున్నాడు. 2020లో ఆయన కంపెనీ వదిలి వెళ్లిపోయాడు.

కంప్యూటర్‌కి 2019 నవంబర్‌లో వచ్చింది. సైజు 150 జీబీ. మా ఇంట్లో అప్పుడు ఫోన్ డేటానే గతి, రోజుకి ఒకటిన్నర జీబీ. అంటే ఇంకెవరూ ఇంకేమీ చూడకుండా ఉంటే వంద రోజులు. కొన్నాళ్లకి డిస్కౌంట్లో కొని, విశాఖలో మా తమ్ముడి కంప్యూటర్‌లోకి దింపించి, హార్డ్ డిస్క్‌ని తువ్వాలులో చుట్టి గుణుపురం రైల్లో తెచ్చుకున్నాను. మంచు కొండల్లో గుర్రాలు మోకాళ్ల లోతున కూరుకుపోతూ నడిచే మొదటి అధ్యాయం మా పాత కంప్యూటర్‌లో నిజంగానే అంత నెమ్మదిగా నడిచింది.

ఆ తర్వాత మౌనం. రెండో భాగాన్ని నెట్‌లో పదిమందీ కలిసి ఆడే రెడ్ డెడ్ ఆన్‌లైన్‌కి ఇక పెద్ద అప్‌డేట్లు ఉండవని, మనుషుల్ని తన ఇంకో పెద్ద ఆట, కార్ల దొంగతనాల జీటీఏ (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) తర్వాతి భాగం మీదికి మళ్లిస్తున్నామని 2022 జులైలో కంపెనీయే చెప్పేసింది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. 2013 నాటి జీటీఏ 5 ఒక్కటే 20 కోట్ల కాపీలు దాటింది, దాని ఆన్‌లైన్ ఆట ఇంకా డబ్బులు రాలుస్తూనే ఉంది. గుర్రాల ఆటలో జనం ఆట లోపలి దుకాణంలో అసలు డబ్బు పెట్టి కొనేది తక్కువ. ఇక జీటీఏ 6 సంగతే చూడండి. 2025 అన్నారు, 2026 మే అన్నారు, తర్వాత 2026 నవంబర్ 19 అన్నారు. ఒకేసారి రెండు పెద్ద ఆటలు తీసే అలవాటు ఆ కంపెనీకి పోయింది. ఆ లెక్కన మూడో రెడ్ డెడ్ అంటూ ఉంటే, మా మేనల్లుడు చదువైపోయి ఉద్యోగంలో కుదురుకున్నాకే అని నా అంచనా. వాడికీ మాట చెబితే మొహం మాడ్చుకున్నాడు.

ఈలోగా పాతదాన్నే తిప్పి తిప్పి ఇస్తున్నారు. 2025 డిసెంబర్‌లో మొదటి రిడెంప్షన్ నెట్‌ఫ్లిక్స్ ద్వారా ఫోన్లకి కూడా వచ్చింది. నేను నెట్ సెంటర్లో పక్కవాడి భుజం మీదుగా చూసిన ఆటని మావాడు మంచం మీద బోర్లా పడుకుని రెండు బొటనవేళ్లతో పూర్తిచేశాడు.

వాడు కథని కాలక్రమంలో ఆడాడు, ముందు ఆర్థర్, తర్వాత జాన్. నేను విడుదలైన వరసలో చూశాను. అందుకే మూడోది ఎలా ఉండాలన్న దగ్గర మా ఇద్దరికీ పడదు. డచ్ ముఠా ఇంకా కలిసి ఉన్న పాత రోజుల్లోకి వెళ్లాలంటాడు వాడు. ఇంకెంత వెనక్కి వెళ్తార్రా, చివర్లో ఎవరెవరు పోతారో తెలిసిపోయాక ఏం చూస్తాం అంటాను నేను. 1914లో జాన్ కొడుకు జాక్ తండ్రిని చంపించినవాణ్ని వెతికి కాల్చేసి ఒంటరిగా మిగులుతాడు, అక్కడి నుంచి ముందుకే వెళ్లాలి.

"అప్పటికి కార్లొచ్చేస్తాయి మావయ్యా, గుర్రాలుండవు. అదింక జీటీఏ అయిపోద్ది" అన్నాడు.

దానికి నాకు జవాబు తోచలేదు.