వేప చెట్టు కింది పైపులు

చిట్టితల్లికీ, బుజ్జినాన్నకూ తాతయ్య ఆశీస్సులు.

సెలవులకు వచ్చినప్పుడు వేప చెట్టు కింద కొత్త పైపుల వరుస చూస్తారు. బోరు దగ్గర నుంచి కింది మడుల దాకా నీళ్లు పారించడానికి తెప్పించాను. 6 మీటర్ల పొడవున్న పీవీసీ పైపులు 40, హెచ్‌డీపీఈ అనే వంగే ప్లాస్టిక్‌తో చేసిన నల్లటి పైపు చుట్టలు రెండు. కందకం తవ్వేవాళ్లు మూడు వారాల దాకా రాలేమన్నారు. అందాకా వీటిని కాపాడుకోవాలి.

‘ప్లాస్టిక్కే కదా తాతయ్యా, తుప్పు పట్టదు, చెద పట్టదు, ఎక్కడ పడేస్తే ఏమవుతుంది?’ అంటారేమో. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. మొదటిసారి పైపులైను వేసినప్పుడు పైపులను గట్టు మీద రాళ్లపై పెట్టించి, వేసవంతా వదిలేశాను. పీవీసీ 80 డిగ్రీల వేడికి మెత్తబడుతుంది. వంగడానికి అంత వేడి కూడా అక్కర్లేదు. ఎండలో రెండు రాళ్ల మధ్య రోజుల తరబడి బరువు మోస్తే చాలు. నా పైపులు విల్లుల్లా వంగాయి. వాటినే కందకంలో బలవంతంగా తిన్నగా నొక్కిపట్టి అతికించాం. మరుసటి ఏడు మిరప మడిలో ఒక మూల మొక్కలన్నీ వేరు కుళ్లి వడలిపోయాయి. తవ్వి చూస్తే, అతుకు దగ్గర బురదలోంచి సన్నని బుడగలతో నీరు ఉబుకుతోంది. ఎన్నాళ్లుగా కారుతోందో! ఆ మిరప మొక్కలు ఇప్పటికీ కళ్లలో మెదులుతాయి.

అందుకే ఈసారి నేల చదును చేసి, రాళ్లు ఏరి, మీటరుకొకటి చొప్పున వెడల్పాటి చెక్కలు పరిచాను. పైపుకు ఒక కొస లావుగా ఉంటుంది చూడండి, అదే సాకెట్. అన్ని సాకెట్లూ ఒకే వైపు పెడితే బరువంతా వాటిమీదే పడి నలుగుతాయి. అందుకే ఒక వరుసలో తూర్పుకు, పై వరుసలో పడమరకు తిప్పి, సాకెట్లు బయటికి వచ్చేలా పేర్చాను. దొర్లకుండా రెండు పక్కలా గుంజలు పాతాను. అయినా మీరు వాటిమీదికి ఎక్కవద్దు.

మధ్యాహ్నానికి చెట్టు నీడ జరిగిపోతుంది కాబట్టి పైన తాటాకు పందిరి వేశాను. పట్టా బిగించి కప్పితే లోపల కొలిమిలా వేడెక్కుతుంది, పందిరి కింద గాలి ఆడుతుంది. నెలల తరబడి ఎండ తగిలితే పీవీసీ రంగు వెలిసి, దెబ్బ తగిలితే పగిలేంత పెళుసవుతుంది. నల్ల పైపులో కలిపిన కార్బన్ మసి ఎండను అడ్డుకుంటుంది. దాని నలుపు అందుకే.

ఆ చుట్టల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. బిగించి కట్టిన పైపు లోపల స్ప్రింగులా కాచుకుని ఉంటుంది. పట్టీ కోయగానే కొస విసురుగా లేచి మొహానికి కొడుతుంది. పెద్దవాళ్లు కోసేటప్పుడు మీరు వరండాలోనే ఉండాలి.

పైపు మూతులకు గోనెగుడ్డలు కట్టాను. తేళ్లూ ఎలుకలూ లోపల చేరడానికి ఎంతోసేపు పట్టదు, చెయ్యి పెట్టకండి. అతికించే సొల్యూషన్ డబ్బా మూత బిగించి, పొయ్యికి దూరంగా అటక మీద పెట్టాను. దాని ఆవిరికి నిప్పు అంటుకుంటుంది, వాసన చూస్తే తల తిరుగుతుంది.

పైపు మోయడానికి మీరిద్దరూ రావచ్చు. చెరొక కొస పట్టుకుని ఎత్తండి, నేల మీద ఈడ్చవద్దు. రాయి గీసిన గాటు దగ్గరే తర్వాత పగులు మొదలవుతుంది.

అతికింపు తెల్లవారుజామునే. 6 మీటర్ల పైపు 20 డిగ్రీలు వేడెక్కితే సుమారు 8 మిల్లీమీటర్లు సాగుతుంది. 40 పైపులకు ఎంతో మీరే లెక్కకట్టండి, దాదాపు ఒక అడుగు వస్తుంది. మధ్యాహ్నం వేడి మీద అతికిస్తే, చల్లటి బోరు నీళ్లు పారగానే అంత మేరా ముడుచుకుని అతుకులను లాగుతుంది.

గోనెగుడ్డలు ఇంకో నాలుగు మూతులకు చాలలేదు. అమ్మనడిగి పాత దుప్పటి ఒకటి తీసుకురండి.

మీ తాతయ్య