ఇంకెన్ని జాతరలు? మిగిలిన కాలాన్ని కొలిచే కొలబద్దల కథ

2024 ఫిబ్రవరిలో మా మేనత్తను పరకాల నుంచి మేడారం తీసుకెళ్లాను. గద్దెల దగ్గర తోపులాట. తొందరగా కదలమంటే వినలేదు. "పై జాతరకు ఉంటనో ఉండనో బిడ్డా, తల్లులను కండ్లనిండ చూసుకోనియ్యి" అంది. రెండేండ్లకోసారి వచ్చే జాతరే ఆమెకు క్యాలెండర్. ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటుంది, అది రాసుకున్నవాళ్లు వేసిన తేదీ. రజాకార్ల గొడవ అణిగిన ఏడాది పుట్టిందని ఇంట్లో చెప్పుకుంటారు. ఎన్నేండ్లు నిండాయో ఆమెకు సరిగ్గా తెలియదు. ఎంత మిగిలిందన్న లెక్క మాత్రం ఎప్పుడూ మనసులో నడుస్తూనే ఉంటుంది.

ఈ రెండో లెక్కను శాస్త్రం ఆలస్యంగా పట్టించుకుంది. మనిషి రేపటిని చూసే తీరు గురించి 1939లో లారెన్స్ ఫ్రాంక్, తర్వాత కర్ట్ లెవిన్ రాశారు. అసలు మాట అన్నది వృద్ధాప్యం మీద పనిచేసిన మనస్తత్వవేత్త బెర్నీస్ న్యూగార్టెన్. నడివయసులో లెక్క తిరగబడుతుందని, పుట్టి ఎన్నేండ్లయిందన్నది పోయి ఇంకెన్నేండ్లున్నాయన్నది మొదలవుతుందని 1968లో ఆమె చెప్పింది.

దాన్ని పరీక్షకు పెట్టినవాళ్లలో ముఖ్యురాలు మరో మనస్తత్వవేత్త లారా కార్‌స్టెన్‌సెన్. 1990లో బార్బరా ఫ్రెడ్రిక్‌సన్‌తో కలిసి చేసిన పనిలో ప్రశ్న చాలా మామూలుది. మీకు అరగంట ఖాళీ దొరికింది, ఎవరితో గడుపుతారు? ఇంటి మనిషితోనా, ఇప్పుడిప్పుడే పరిచయమైనవారితోనా, మీరు చదివిన పుస్తకం రాసిన రచయితతోనా? పెద్దవాళ్లు ఇంటి మనిషి వైపు మొగ్గారు. త్వరలో ఒంటరిగా దూరప్రాంతానికి వెళ్లిపోతున్నట్టు ఊహించుకోమంటే, వయసులో ఉన్నవాళ్లూ అటే మొగ్గారు. తర్వాతి అధ్యయనంలో, కొత్త వైద్యంతో మరో 20 ఏళ్ల ఆయుష్షు వచ్చిందనుకోమంటే పెద్దవాళ్లలో ఆ మొగ్గు తగ్గింది. అంటే మనసు మారేది వయసు వల్ల కాదు, మిగిలిందనుకునే కాలం వల్ల. ముసలితనాన్ని చాదస్తమని కొట్టిపారేసేవాళ్లందరికీ ఈ ఒక్క ఫలితం చూపించాలనిపిస్తుంది నాకు.

ఆ తర్వాత ఫ్రీడర్ లాంగ్ అనే పరిశోధకుడితో కలిసి కార్‌స్టెన్‌సెన్ పది వాక్యాల కొలబద్ద తయారుచేసింది. 'నా జీవితంలో ఎక్కువ భాగం ఇంకా ముందుంది', 'కాలం అయిపోతోందనిపిస్తోంది' లాంటి వాక్యాలకు ఎంతవరకు ఒప్పుకుంటారో 1 నుంచి 7 దాకా చెప్పాలి. ఆ కొలబద్దతో 2002లో వచ్చిన అధ్యయనం జర్మనీలో 20 నుంచి 90 ఏళ్ల మధ్య ఉన్న 480 మందితో చేసింది.

2007లో కేట్, జాన్ అనే పరిశోధకులు ఈ కొలబద్దలో చిక్కు చూపించారు. అవకాశాలు ఉన్నాయనుకోవడం, గడువు దగ్గరపడిందనుకోవడం ఒకే తక్కెడకు రెండు పళ్లేలు కావన్నారు. మా మేనత్తను చూస్తే ఇది వెంటనే అర్థమవుతుంది. పై జాతరకు ఉంటనో ఉండనో అన్న మనిషే ఆ వానకాలం పెరట్లో అంటుమామిడి పెట్టించింది. అది కాతకు రావాలంటే మూడు నాలుగేండ్లు, దాదాపు రెండు జాతరలు.

ఇంకో దారిలో ఆర్థికవేత్తలు నడిచారు. అమెరికాలో 1992లో మొదలైన పెద్ద సర్వేలో, 75 ఏళ్లు బతికే అవకాశం ఎంతని సూటిగా అడిగారు. శాతాలు అలవాటు లేని మలావీ పల్లెల్లో 2006లో పది చిక్కుడుగింజలిచ్చి, అవకాశం ఎంతనుకుంటే అన్ని గింజలు పక్కన పెట్టమన్నారు.

మన దగ్గర ఈ ప్రశ్న నోటికి రావడమే కష్టం. తథాస్తు దేవతలుంటారని నోరు నొక్కేస్తారు. అయినా ఒక సాయంత్రం పది చింతగింజలు మేనత్త ముందు పోసి, పై జాతరకు ఎన్ని పెడతావని అడిగాను. పదీ తన వైపు లాక్కుంది. మళ్లీ పదీ నా వైపు నెట్టింది. "ఉంటే అన్ని, పోతే ఒక్కటి గూడ లేదు. సగం ఎట్లుంటరు బిడ్డా?" అంది. మామిడి కాస్తే మొదటి కాయలు ఎవరెవరికి పంపాలో మాత్రం తడుముకోకుండా చెప్పింది. అన్నీ ఇంటివాళ్ల పేర్లే.