నదిలో పట్టిన చేప కొంటే పాపమా? అక్వేరియం చేపలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: నది నుంచి పట్టిన చేపను కొంటే ఆ జాతి అంతరించిపోతుంది. ఫారం చేపే మంచిది.

వాస్తవం: పేదవాళ్ల కూడు కొడుతున్న మాట ఇది. అక్వేరియంలో పెంచే చిన్న చేప కార్డినల్ టెట్రానే చూడండి. బ్రెజిల్‌లో రియో నీగ్రో నది ఏటా అడవిని ముంచెత్తుతుంది. ఈ చేపలు చెట్ల మధ్యకు చేరి మేస్తాయి, పెరుగుతాయి. నీరు తీశాక గుంటల్లో చిక్కినవి ఎలాగూ ఎండకో, కొంగలకో పోతాయి. అక్కడ వీటి ఆయుష్షు చాలావరకు ఏడాదే. ఆ నది ఒడ్డున బార్సెలోస్ ప్రాంతపు పియబేయిరోలు (ఈ చేపలు పట్టి బతికేవాళ్లు) చిన్న పడవల్లో వెళ్లి చేతివలతో పడతారు. మునిగే అడవి నిలిస్తేనే వాళ్లకు చేప. ఫారం సరుకు మార్కెట్‌ను నింపి ఆ గిరాకీ పడిపోతే మిగిలే దారులు కలప, బంగారం తవ్వకం. బంగారానికి వాడే పాదరసం చేరేది అదే నదిలోకి. చేప మీద జాలితో కొనడం మానేసినవారి మనసు మంచిదే, ఫలితం మాత్రం తిరగబడుతుంది.

అపోహ: అయితే ఏ చేపనైనా పట్టొచ్చు.

వాస్తవం: కుదరదు. ఇండోనేసియా సముద్రపు చేప బంగై కార్డినల్‌లో మగచేప గుడ్లను నోట్లోనే పొదుగుతుంది, పిల్లలు ప్రవాహంలో దూరం పోవు. ఒకచోట ఖాళీ చేస్తే మరోచోటి నుంచి వచ్చి నిండవు. మన పశ్చిమ కనుమల నదుల్లోని మిస్ కేరళ చేప కూడా ప్రమాదంలోనే ఉంది. ఈ రెండింటికీ ఫారం చేపే అడగండి.

అపోహ: నదిచేప ఇంట్లో బతకదు.

వాస్తవం: చాలాసార్లు చంపేది ప్రయాణం, దించే పద్ధతి. దారిలో సగం చస్తే 100 చేపలు అమ్మడానికి 200 పట్టాలి: నదిపై భారం రెట్టింపు, రాబడి అంతే. అందుకే పట్టేటప్పుడు వలలోంచి పైకెత్తకుండా గిన్నెతో నీళ్లతో సహా తీయాలి. సంచిలో కట్టే ముందు ఒక రోజు మేత ఆపాలి.

కొన్నవారు చేయాల్సింది: మూత విప్పని సంచిని లైట్లు ఆర్పిన తొట్టిలో 20 నిమిషాలు తేలనివ్వండి. రోజుకు పైగా ప్రయాణించిన సంచిని విప్పాక అందులో తొట్టి నీళ్లను గంటలకొద్దీ చుక్కచుక్కగా కలపొద్దు. లోపల పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ పోగానే పీహెచ్ (నీటి ఆమ్లత్వపు కొలత; పెరిగితే ఆమ్లత్వం తగ్గినట్టు) పెరిగి, చేప వ్యర్థాల నుంచి చేరి అప్పటిదాకా హాని చేయని అమ్మోనియం విషపు అమ్మోనియాగా మారుతుంది. సంచి నీటికి దగ్గరి పీహెచ్ ఉన్న మెత్తని (లవణాలు తక్కువున్న) నీళ్లు ముందే సిద్ధం చేసుకుని, సంచి నీళ్లు వంపేసి చేపను మాత్రమే వదలండి. నాలుగు వారాలు విడి తొట్టిలోనే ఉంచండి. మొదటి రోజు మేత వద్దు.