టీ హోటళ్లలో రెండు గ్లాసులు: చట్టం ఎక్కడ పట్టింది, ఎక్కడ జారింది

దళితులకు వేరే గ్లాసులో టీ పోయడం నేరమని చట్టం చెప్పి డెబ్బై ఏళ్లు దాటింది. రాజ్యాంగం 17వ అధికరణలో అంటరానితనాన్ని రద్దు చేసింది. 15(2)లో దుకాణాలు, హోటళ్లలోకి వెళ్లే హక్కును పేరు పెట్టి మరీ రాసింది. 1955 జూన్ 1న అమల్లోకి వచ్చిన అంటరానితన నేరాల చట్టం హోటల్లో జనం కోసం ఉంచిన పాత్రలు వాడుకోనివ్వకపోవడాన్ని కూడా నేరం చేసింది. 1976లో దాన్ని పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మార్చారు. శిక్ష మాత్రం మొదటి నేరానికి ఆరు నెలల లోపు జైలు, 500 రూపాయల లోపు జరిమానా.

అసలు పద్ధతి ఎలా నడిచేదంటే, గాజు గ్లాసులు బల్ల మీద ఉండేవి. దళితులకిచ్చే సత్తు గ్లాసులు, చిప్పలు బయట చూరు కింద ఉండేవి. తాగినవాళ్లే కడిగి అక్కడే బోర్లించాలి. బెంచీ మీద కూర్చోకూడదు. కాబట్టి గ్లాసు ఒక్కటే సమస్య కాదు, ఎవరి ఎంగిలి ఎవరు కడగాలన్నదే గొడవంతా.

అందుకే ప్లాస్టిక్, కాగితం కప్పులు వచ్చాక చాలా హోటళ్లలో గొడవ కనబడకుండా పోయింది. పోయిందనడం తొందరపాటే. కొన్నిచోట్ల కప్పు దళితులకు, గాజు గ్లాసు మిగతావాళ్లకు అయింది. ఇదీ నేరమే. బాధితులు ఎస్సీలైతే, అంటరానితనం వల్లే అలా చేశారని కోర్టు ముందుగానే భావిస్తుంది (పౌరహక్కుల చట్టం 12వ సెక్షన్). కాదని నిరూపించుకోవాల్సింది యజమానే. జనం కోసం ఉంచిన పాత్రలు వాడుకోనివ్వకపోవడం 2016 జనవరి 26 నుంచి ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం (అట్రాసిటీ చట్టం)లోనూ నేరంగా చేరింది. అందులో శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్లు.

"నాకేం లేదండీ, ఉన్న గిరాకీ పోతుంది" అనే యజమాని మాట పూర్తిగా అబద్ధం కాదు. ఊళ్లో ఒక్కడే మారితే పక్క కొట్టుకు జనం మళ్లుతారు. అందుకే ఊరి టీ కొట్లన్నీ ఒకే రోజు మారాలి. అందరికీ ఒకే రకం గ్లాసులు, ఒకే తొట్టి, కడిగేది హోటల్ మనిషే. చిల్లర బల్ల మీద పడేయకుండా చేతికివ్వాలి. ప్రతి నెలా 30న తహసీల్దారు, ఎస్సై ఏదో ఒక ఊళ్లో జరిపే పౌరహక్కుల దినం ఇందుకు అనువైన రోజు. వివక్ష మానినందుకు సొంత కులంవాళ్లు వెలివేస్తే, పౌరహక్కుల చట్టం 7(2) సెక్షన్ కింద అదీ శిక్షార్హమే. ఈ సెక్షన్ హోటల్ వాళ్లకు తెలిసింది తక్కువ, వాళ్లకు ఎక్కువ పనికొచ్చేది ఇదే.

ఫిర్యాదు రాసేటప్పుడు ఒక జాగ్రత్త. పాత్రల సంగతి పౌరహక్కుల చట్టం 4వ సెక్షన్‌లో ఉంది, కానీ కోర్టు లైసెన్సు రద్దు చేయగలిగేది 6వ సెక్షన్ కింద శిక్ష పడితేనే. అది అందరితో సమానంగా, అదే చోట, అదే షరతులతో సరుకు అమ్మననడం, సేవ చేయననడం గురించినది. "వేరే గ్లాసిచ్చారు" అని మాత్రమే రాస్తే 6వ సెక్షన్ తప్పిపోవచ్చు. లోపల కూర్చోబెట్టి టీ ఇవ్వనన్నారా, ఎక్కడ నిలబెట్టారు, గ్లాసు ఎవరు కడిగారు, అదే సమయానికి మిగతావాళ్లకు ఎలా ఇచ్చారు అన్నవి విడివిడిగా రాయాలి. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే అట్రాసిటీల జాతీయ హెల్ప్‌లైన్ 14566కు ఫోన్ చేయొచ్చు. అట్రాసిటీ కేసు దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారే చేయాలి.