ఎఫ్50 లీజు కాగితాలు: సూపర్‌కార్ ఎవరు కొనాలో, ఎవరు పొగడాలో తేల్చిన మలుపు

ఫెరారీ ఎఫ్80 కార్లు యజమానుల గ్యారేజీలకు చేరడం మొదలయ్యాక పాత పంచాయితీ మళ్లీ పైకొచ్చింది. 2024 అక్టోబరులో ఈ కారు ముసుగు తీసినప్పుడు కంపెనీ చెప్పిన లెక్క ఇది: మొత్తం 799 కార్లు, ఒక్కోదాని ధర 36 లక్షల యూరోల నుంచి మొదలు. ఇక్కడి పన్నులేవీ కలపకుండానే మన డబ్బులో 30 కోట్ల రూపాయలు దాటిన మాట. జనం కారు మొహం చూసే సరికే అవన్నీ ఫలానా వాళ్లకని రాసిపెట్టేసి ఉన్నాయి.

గొడవ మూడు రకాలుగా నడుస్తోంది. పన్నెండు సిలిండర్ల వి12 పోయి ఆరు సిలిండర్ల వి6 ఇంజన్ వచ్చిన కారుకు అంత ధరేమిటని కొందరు. డబ్బు పట్టుకుని నిలబడినవాడిని పక్కనపెట్టి, కంపెనీ తనకు నచ్చినవాళ్లనే పిలిచి ఇవ్వడమేమిటని ఇంకొందరు. యూట్యూబ్‌లో సూపర్‌కార్ల రివ్యూలు పెళ్లిళ్ల పేరయ్య మాటల్లా ఉంటాయేమిటని మిగతావాళ్లు. ఈ మూడింటికీ ముడి ఒకే కారు దగ్గర పడిందని నా లెక్క. ఆ కారు 1995 నాటి ఎఫ్50.

ఎంజో ఫెరారీ రేసింగ్ రోజులు, ఫియట్ వచ్చి వాటా కొనడం, గుర్రం బొమ్మ కథ ఇవన్నీ ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నా. మనకు కావలసిన కథ ఎఫ్40తో మొదలవుతుంది.

కంపెనీకి 40 ఏళ్లు నిండిన సందర్భంగా 1987లో ఎఫ్40 వచ్చింది. మొదట నాలుగు వందల కార్లు చేస్తామన్నారు, చివరికి 1,300 దాటాయి. మరుసటి ఏడాది ఆగస్టులో ఎంజో ఫెరారీ చనిపోయారు. ఆయన బతికుండగా వచ్చిన చివరి కారు అన్న పేరు పడేసరికి ధరలకు పట్టపగ్గాల్లేకుండా పోయాయి. షోరూమ్‌లో రెండు లక్షల పౌండ్ల లోపు ఉన్న బండి బయట దానికి ఎన్నో రెట్లు పలికింది. రేసర్ నైజెల్ మాన్సెల్ తన ఎఫ్40ని 1990లో పది లక్షల పౌండ్లకు అమ్మినట్టు చెబుతారు. తర్వాత బుడగ పేలింది. పైన పట్టుకున్నవాళ్లు పోగొట్టుకున్నారు, మధ్యలో దిగినవాళ్లు మిగుల్చుకున్నారు.

కొత్త సినిమా మొదటి రోజు టికెట్ బ్లాక్‌లో కొన్న మనకు ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు. కౌంటర్ ధరకూ గేటు బయటి ధరకూ మధ్య ఉన్న తేడా ఎవడో ఒకడి జేబులోకి పోతుంది. థియేటర్‌వాడి జేబులోకి మాత్రం పోదు. ఫెరారీకి కడుపు మండింది అక్కడే. కారు చేసింది తాము, లాభం తిన్నది బేరగాళ్లు.

1991లో కంపెనీ పగ్గాలు లూకా ది మోంటెజెమోలో చేతికి వచ్చాయి. 1995 మార్చిలో జెనీవా మోటార్ షోలో ఎఫ్50ని చూపించారు. ఫార్ములా వన్ కారు ఇంజన్ నుంచి పుట్టిన 4.7 లీటర్ల వి12. మొత్తం 349 కార్లే. 350 ఎందుకు కాదంటే, మార్కెట్ అడిగేదానికి ఎప్పుడూ ఒక కారు తక్కువే చేయాలన్నది ఎంజో గారి సూత్రమని కంపెనీ చెప్పుకుంది. ఈ మాట పత్రికలకు తెగ నచ్చింది. అసలు సంగతి మాత్రం కాగితాల్లో ఉంది.

అమెరికాకు కేటాయించినవి 55 కార్లు. అక్కడి కొనుగోలుదారులకు వీటిని మామూలుగా అమ్మలేదు, లీజుకిచ్చారు. ముందు 2,40,000 డాలర్లు కట్టాలి. ఆ తర్వాత 24 నెలలపాటు నెలకు 5,600 డాలర్లు. గడువు తీరాక మరో 1,50,000 కడితే కారు సొంతమవుతుంది. కూడితే 5,24,400 డాలర్లు. ఎఫ్50 కొనేవాడికి కిస్తీల అవసరం ఉంటుందా? ఉండదు. రెండేళ్లపాటు కారు అతని పేరు మీద ఉండకూడదు, అంతే. సొంతం కానిదాన్ని ఎవడు అమ్ముకోగలడు? బేరగాళ్ల నోరు మూయించడానికి ఇంత శుభ్రమైన ఉపాయం ఇంకొకటి దొరకదు.

రెండో సంగతి నాకు ఇంకా ముఖ్యం. పత్రికలవాళ్లు కొలతలు తీసుకుని పరీక్షించడానికి ఫెరారీ ఎఫ్50ని ఇవ్వలేదు. అమెరికాలో ఒక పత్రిక చివరికి ఓ యజమానిని బతిమాలి, ఆయన కారు అరువు తెచ్చుకుని నడిపింది. ఎందుకివ్వలేదు? కారుకు రక్షణ, హుందాతనం లాంటి మాటలు వినిపించాయి. అప్పటికే రోడ్ల మీద మెక్‌లారెన్ ఎఫ్1 ఉందన్నది గుర్తుంచుకోవాలి. దాని ఇంజన్ 627 హార్స్‌పవర్. ఎఫ్50ది దానికంటే వంద తక్కువ. రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి స్టాప్‌వాచ్ నొక్కితే ఏమవుతుందో ఫెరారీ సొంత ఊరు మారనెల్లోలో తెలియనివాళ్లుండరు.

అలా ఒక్క కారుతో మూడు పనులూ జరిగిపోయాయి. కంపెనీ ధరను బయటి ధర కంటే తక్కువగా ఉంచారు, ఆ తేడా ఎవరికి దక్కాలో తామే ఎంచుకున్నారు, కొలిచి చూసే అవకాశాన్ని చేతిలో పెట్టుకున్నారు. ఈ మలుపు 2002లో ఎంజో మోడల్‌తో వచ్చిందని వాదించేవాళ్లూ ఉన్నారు. ఎఫ్40, ఎఫ్50 యజమానులకు ముందుగా కబురు పంపి అమ్మిన కారు అది. నిజమే, కానీ అప్పటికి వంట పూర్తయింది, ఎంజోతో విస్తరి వేశారు. 399 చేసి, నాలుగు వందవ కారును పోప్‌కు ఇచ్చారు. 2004 సునామీ బాధితుల కోసం దాన్ని వేలం వేశారు. పుణ్యకార్యమే. కంపెనీ కౌంటర్ ధరను పక్కనపెట్టి వేలం ధర రుచి చూసిన సందర్భం కూడా అదే.

ఆ తేడా సంగతి ఇంకొంచెం చెప్పాలి. పది లక్షలకు ఇచ్చిన కారు బయట ముప్పై లక్షలు పలుకుతుంటే, ఆ ఇరవై లక్షలు కంపెనీ కొనుగోలుదారుడికి ఇచ్చిన బహుమతి. బహుమతి పుచ్చుకున్నవాడు ఊరికే ఉండలేడు. మామూలు మోడళ్లు నాలుగు కొంటాడు, వాటి మీద ఖరీదైన రంగులు, కుట్లు, కార్బన్ ఫైబర్ ముక్కలు వేయించుకుంటాడు, కంపెనీ రేసు రోజులకు వెళతాడు, వెనకాల మాట తూలడు. తూలితే తర్వాతి ప్రత్యేక కారు ఎవరికివ్వాలన్న జాబితాలో పేరుండదన్న టెన్షన్. మన దగ్గర బజాజ్ స్కూటర్ కోసం ఏళ్ల తరబడి బుకింగ్ వరసలో నిలబడిన తరం ఉంది. ఆ వరసలో నంబరైనా ఉండేది. ఇక్కడ నంబరు కూడా లేదు.

జాబితాలో పేరు లేకపోతే ఎలా ఉంటుందో 2016లో ఫ్లోరిడాలో తేలింది. ప్రెస్టన్ హెన్ అనే వృద్ధ వ్యాపారి పాత రేసర్, దశాబ్దాలుగా ఫెరారీలు కొంటున్న మనిషి. పైకప్పు తీసే లాఫెరారీ అపెర్టా కోసం అడ్వాన్సుగా పది లక్షల డాలర్ల చెక్కు నేరుగా కంపెనీ అధిపతి సెర్జియో మార్కియోన్నేకి పంపారు. చెక్కు తిరిగొచ్చింది. మీకు అర్హత లేదన్న ఆ జవాబు తన పరువు తీసిందంటూ హెన్ కోర్టుకెక్కారు. ఆ దావాను తర్వాత ఆయనే వెనక్కి తీసుకున్నారు. లాయర్లకు అది చిన్న కేసు. ధర కట్టగలగడానికీ కొనగలగడానికీ సంబంధం తెగిపోయిందని కోర్టు కాగితాలకెక్కింది మాత్రం అక్కడే.

ఐదేళ్లు వెనక్కి వెళితే రివ్యూల గొడవ కనిపిస్తుంది. 2011 ఫిబ్రవరిలో బ్రిటిష్ మోటార్ జర్నలిస్టు క్రిస్ హారిస్ జలోప్నిక్ అనే అమెరికన్ వెబ్‌సైటులో ఒక వ్యాసం రాశారు. అప్పటిదాకా విలేఖరులు టీ బల్లల దగ్గర మాట్లాడుకున్నది ఆయన అచ్చులో పెట్టారు. పత్రికలు పోటీ పరీక్ష పెడితే ఫెరారీ ఒక కారు పంపదని, ఇంజనీర్ల దండుతో రెండు కార్లు పంపుతుందని రాశారు. ఒకటి నేరుగా దూసుకెళ్లే వేగం కొలవడానికి, రెండోది ట్రాక్ మలుపుల కోసం. పరీక్ష జరిగే ట్రాక్‌కు ముందే వెళ్లి, ఆ మలుపులకు తగ్గట్టు కారును సరిచేసుకుంటారని రాశారు. పాత 360 మోడెనా విషయంలో, పత్రికల చేతికొచ్చిన కారు 160 కిలోమీటర్ల వేగం అందుకోవడంలో కొనుగోలుదారుడి కారు కంటే రెండు సెకన్లు ముందుండేదని కూడా ఆరోపించారు.

హారిస్ ఫెరారీ ద్వేషి కాదు. తన డబ్బుతో ఫెరారీలు కొనుక్కున్న మనిషి. ఆ వ్యాసం నిండా కార్ల మీద ప్రేమే, కోపమంతా పద్ధతి మీద. వ్యాసం తర్వాత కొంతకాలం ఆయనకు ఫెరారీ ప్రెస్ కార్లు అందలేదు. తర్వాత సర్దుబాటు జరిగింది, 2016లో ఆయన టాప్ గేర్ అనే బ్రిటిష్ టీవీ కార్ల కార్యక్రమంలో చేరారు. ఆ వ్యాసంలోని ప్రతి ఆరోపణా నిజమని ఎవరూ నిరూపించలేదు. కారు ఇవ్వకపోవడమనే శిక్ష ఉందని మాత్రం అందరికీ తెలిసింది. మరుసటి వారం వీడియో పెట్టాల్సిన కుర్రాడికి అది చాలు.

కంపెనీ వైపు వాదన చిన్నదే. కార్లు ప్రేమించి నడిపేవాళ్లకు దక్కాలి, గోదాములో పెట్టి అమ్ముకునేవాళ్లకు కాదు. కొన్ని మోడళ్లకు, నిర్ణీత గడువులోపు అమ్మదలిస్తే ముందు డీలర్‌నే అడగాలన్న ఒప్పందాలు కూడా అందుకేనంటారు. ఇందులో నిజం లేకపోలేదు.

ఫెరారీ చేసింది మిగతావాళ్లు నేర్చుకున్నారు. 2016లో ఫోర్డ్ తన జీటీ కారుకు ఏకంగా దరఖాస్తులు పిలిచింది. మొదటి 500 కార్లకు 6,506 అర్జీలు వచ్చాయి. అర్జీతో పాటు మీ గురించి ఓ వీడియో కూడా పంపవచ్చన్నారు. పదిమందికి చూపించగలవాడికి, జనంలో పలుకుబడి ఉన్నవాడికి మొగ్గు ఉంటుందని దాచలేదు. యూట్యూబ్‌లో ష్మీ150 పేరుతో లక్షలమంది చూసే టిమ్ బర్టన్‌కు అలాగే ఒకటి దక్కింది. ఎంపికైనవాళ్లు రెండేళ్లు అమ్మకూడదు. మల్లయోధుడు, నటుడు జాన్ సీనా కొన్నాళ్లకే అమ్మేస్తే 2017 నవంబరులో ఫోర్డ్ దావా వేసింది. 2018లో రాజీ కుదిరి, కొంత సొమ్ము దానధర్మాలకు పోయింది. ఆస్టన్ మార్టిన్ అయితే వాల్కిరీ కారును లాభానికి అమ్మినవాళ్లకు ఇంకే ప్రత్యేక కారూ ఇవ్వబోమని 2017లోనే ప్రకటించింది.

ఫోర్డ్ జీటీ దగ్గర కొనేవాడూ రివ్యూ చేసేవాడూ ఒకే మనిషి అయిపోయాడు. ఎఫ్50 రోజుల్లో ఆ అమెరికన్ పత్రికకు కనీసం యజమాని గుమ్మం ఒకటి మిగిలింది, వెళ్లి తలుపు తట్టడానికి. ఇప్పుడు ఆ యజమానికే ఛానల్ ఉంది, వచ్చే కారు జాబితాలో పేరూ కావాలి. అతను తన కారులో లోపం చెబుతాడా? చెప్పేవాళ్లు ఉన్నారు, తక్కువ.

మన దేశంలో ఇలాంటి రివ్యూల విషయంలో రాతపూర్వకంగా ఉన్నది 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు. డబ్బే కాదు, కంపెనీ పెట్టిన విమానం టికెట్టూ హోటల్ గదీ కూడా ప్రయోజనమేనని, వీడియోలో అందరికీ కనిపించేలా చెప్పాలని వాటి సారాంశం. తప్పుదోవ పట్టిస్తే పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా. కొత్త కారు మొదటి డ్రైవ్ కోసం కొండ ఊళ్లకో విదేశాలకో వెళ్లొచ్చిన వీడియోలు తెలుగులోనూ బోలెడున్నాయి. టికెట్ ఎవరు తీశారన్న ముక్క ఎన్నింట్లో వినబడిందో చూసేవాళ్లకే తెలియాలి.

హైదరాబాద్‌లో సూపర్‌కార్ కొనేవాడికి మారనెల్లో జాబితా కంటే ముందు ఎదురయ్యేది సుంకం. 40,000 డాలర్లు దాటిన కారు పూర్తిగా బయట తయారై దిగుమతయితే 110 శాతం కట్టాలి. 2025 బడ్జెట్‌లో దీన్ని 70 శాతం కస్టమ్స్, 40 శాతం సెస్ అని విడగొట్టారు, మొత్తం మారలేదు. దాని మీద 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం జీఎస్టీ. రేవులో వంద రూపాయలకు దిగిన కారు లైఫ్ ట్యాక్స్‌కు ముందే 294 అవుతుంది. సచిన్ టెండూల్కర్‌కు బహుమతిగా వచ్చిన 360 మోడెనా సుంకం మాఫీ మీద 2003లో రేగిన గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. చివరికి ఫియట్ కట్టింది. అందుకే ఇక్కడ ధర గురించి మాట్లాడితే ప్రభుత్వం దాకానే వెళుతుంది చర్చ. కంపెనీ దాకా రాదు.

ఇక ఎఫ్50. 2025 ఆగస్టులో అమెరికాలోని మాంటెరీలో ఒక వేలం జరిగింది. అమెరికాకు పంపిన ఆ 55లో ఒకటి, డిజైనర్ రాల్ఫ్ లారెన్ కొన్న పసుపుపచ్చ ఎఫ్50, 92 లక్షల 45 వేల డాలర్లు పలికింది. అదే వేలంలో ఫెరారీ కూడా ఒక కారు పెట్టింది. డేటోనా ఎస్పీ3 మోడల్‌ను 599 మాత్రమే చేస్తామని 2021లో చెప్పిన కంపెనీ, దాతృత్వం కోసమంటూ ఇంకొకటి చేసి, దానికి 599+1 అని పేరు పెట్టింది. ఎంపికైన కొనుగోలుదారులు ఈ మోడల్‌కు కట్టిన ధర సుమారు 20 లక్షల యూరోలు. ఎవరైనా పాట పాడొచ్చన్న ఆ ఒక్క కారు 2 కోట్ల 60 లక్షల డాలర్లకు పోయింది.